900 రూపాయల కాగితం పూల మొక్క: ఒక బోన్సాయ్ కేసు

ఈ కేసులో మొదటి తప్పు మొక్క యజమానిది, రెండో తప్పు నాది. రెండోదే పెద్దది, అందుకే రాస్తున్నాను. ఆయన అనుమతి తీసుకున్నాను. హైదరాబాద్‌లో ఉంటారు అన్నంతవరకే నిజం, మిగతా గుర్తులన్నీ తీసేశాను. ఇక్కడ ఆయన్ని పెద్దాయన అంటాను. నేను ఇళ్లకు వెళ్లి బోన్సాయ్‌లు చూసిపెడతాను, వారాంతాల్లో నలుగురైదుగురికి నేర్పుతాను.

నేపథ్యం

పెద్దాయన రిటైరయ్యాక టెర్రస్ మీద కుండీలు పెట్టారు. తులసి, కరివేపాకు, మందారం దాటి బోన్సాయ్ మీద మనసు పడింది. ఫిబ్రవరి మొదట్లో రోడ్డు పక్క నర్సరీలో ఒక బోగన్‌విల్లా, అంటే కాగితం పూల మొక్క కొన్నారు, ముదురు రాణి రంగుది. నాలుగున్నర అడుగుల ఎత్తు, పెద్ద నల్ల కవర్లో ఎర్రమట్టి ముద్ద, కాండం మొదలు నా మణికట్టు కంటే కాస్త లావు. 900 రూపాయలు. నర్సరీల ఊరు కడియం వైపు నుంచి లారీలో దిగిన సరుకని నర్సరీ అతను చెప్పాడట.

ఎంపిక మాత్రం ఆయన చాలా బాగా చేశారు. నర్సరీకి వెళ్లినవాళ్లు ఎక్కువమంది పూలు చూసి కొంటారు. ఈయన కింద కూర్చుని, కవర్ అంచు మడిచి, వేలితో మట్టి తోడి కాండం అడుగు చూశారు. రెండంగుళాల లోతులో వేర్లు నాలుగు దిక్కులకీ విచ్చుకుని ఉన్నాయి. నర్సరీల్లో కవరు మార్చిన ప్రతిసారీ మొక్క ఇంకాస్త లోతుకి దిగబడుతుంది కాబట్టి బోన్సాయ్‌కి పనికొచ్చే అసలు అందం తరచూ మట్టి కిందే దాక్కుని ఉంటుంది. పక్కనే ఒకే మొక్కకి మూడు రంగులు పూసినవి కూడా ఉన్నాయట, ముట్టుకోలేదు. అవి అంటు కట్టినవి. అంటు దగ్గర బొడిపె ఎన్నేళ్లయినా పోదు, దాని కింద నుంచి వచ్చే చిగురు వేరే రంగు పూస్తుంది.

బోగన్‌విల్లా మన ఎండకి సరిగ్గా సరిపోయే మొక్క. హైవే డివైడర్ మీద మే నెలలో లారీల పొగలో కూడా పూస్తుంది. దీని సొంతూరు దక్షిణ అమెరికా. ఫ్రెంచి నావికుడు బోగన్‌విల్ ఓడలో వెళ్లిన కామెర్సన్ అనే వృక్ష శాస్త్రవేత్త 1767లో రియో డి జనీరో దగ్గర దీన్ని చూసి కెప్టెన్ పేరు పెట్టాడు. మనం పువ్వు అనుకునే రంగు కాగితాలు నిజానికి పువ్వుని చుట్టుకున్న ఆకులే, అసలు పువ్వు లోపల ఉండే చిన్న తెల్ల గొట్టం. ఎక్కడ నరికినా చిగురిస్తుంది. అందుకే కొత్తవాళ్లకి ఇదే ఇస్తారు. కొత్తవాళ్ల చేతుల్లో బాగా చచ్చేది కూడా ఇదే.

సమస్య

ఫిబ్రవరి మూడో వారంలో ఫోన్ వచ్చింది. "అమ్మా, చెట్టు ఒక పక్కే ఎండిపోతోంది. రెండో పక్క కళకళలాడుతోంది. ఇదేం జబ్బు?"

వెళ్లి చూస్తే జబ్బేమీ లేదు. కొండ అంచున ఎడమకి వాలిన చెట్టు ఫోటో ఒకటి ఆయనకి నచ్చింది. అదే ఆకారం రావాలని ఒక సాయంత్రం కూర్చుని కుడి వైపు కొమ్మలన్నీ కాండానికి ఆనించి నున్నగా కోసేశారు, ఒక్కటి కూడా మిగల్చలేదు. రెండు వారాలకి కుడి వైపు బెరడు రంగు మారి ముడతలు పడింది.

గోరుతో గీకి చూశాను. ఎడమ పక్క గీకితే పచ్చగా, తడిగా ఉంది. కుడి పక్క చెక్కపొడిలా గోధుమ రంగు. రెండింటి మధ్య హద్దు పైనుంచి కిందిదాకా స్కేలు పెట్టి గీసినట్టుంది. ఆ గీత చూస్తే విషయం అర్థమైపోతుంది. మర్రి, జువ్వి లాంటి చెట్లలో ఒక కొమ్మ తీసేస్తే రసం చుట్టూ తిరిగి ఇంకో దారి వెతుక్కుంటుంది. బోగన్‌విల్లాలో అలా కాదు, అపార్ట్‌మెంట్‌లో ఒక్కో ఫ్లాట్‌కి విడిగా పైపు వేసినట్టు ఈ వేరు ఈ కొమ్మకి, ఆ వేరు ఆ కొమ్మకి. పైన ఒక్క ఆకు కూడా లేకపోతే నీళ్లు లాగేవాళ్లు లేరు, కిందికి తిండి పంపేవాళ్లూ లేరు. ఆ పక్క కాండం, దాని కింద వేరు కలిసి పోతాయి.

ఇది మొదటి సమస్య. రెండోది టీపాయ్ మీద ఉంది. పది అంగుళాల నీలి రంగు సిరామిక్ ట్రే, ఇంకా అట్టపెట్టెలోనే. "దసరాకి మా అమ్మాయి అమెరికా నుంచి వస్తోందమ్మా. అప్పటికి ఇందులో పూలతో ఉండాలి."

నర్సరీ పొద బోన్సాయ్ ట్రేలోకి చేరడానికి నేను మామూలుగా చెప్పేది మూడేళ్లు. ఆయన అడిగింది ఎనిమిది నెలలు, అదీ సగం కాండం చచ్చిన మొక్కతో. అక్కడే కుదరదని చెప్పాల్సింది. "చూద్దాం అంకుల్" అన్నాను. ఆ తర్వాత నేను తీసుకున్న ప్రతి నిర్ణయం వెనక ఈ మాట ఉంది.

నేను చేసింది, చెడింది

నా లెక్క ఇలా సాగింది. కుడి పక్క కొమ్మలు పోయాయి, వాటి వేర్లూ పోతాయి. మట్టిలో చచ్చిన వేరు ఉంటే కుళ్లు మిగతా వాటికి పాకుతుంది. పైగా ఈ ఎర్రమట్టి ముద్ద ఎండితే ఇటుక, తడిస్తే జిగట. ముద్దని అలాగే ఉంచి చుట్టూ గరుకు మట్టి పోస్తే నీళ్లు ముద్దని తప్పించుకుని పక్క నుంచి జారిపోతాయి, పైన తడి, లోపల ఎండు. కాబట్టి మొత్తం మట్టి కడిగేసి, చచ్చిన వేర్లు కోసేసి, గరుకు మిశ్రమంలో పెడితే ఒక్క దెబ్బకి అన్నీ సర్దుకుంటాయి. దసరా లెక్క కూడా అందుతుంది.

విడివిడిగా చూస్తే ఇందులో ప్రతి మాటా నిజమే. తప్పు "ఒక్క దెబ్బకి" అన్నచోట ఉంది. వేర్లు పైపుతో కడగడం నాకు మర్రి జాతి చెట్ల మీద అలవాటు. వాటి వేర్లు తాడులాంటివి, ఎంత లాగినా ఓర్చుకుంటాయి. బోగన్‌విల్లా సన్న వేర్లు అలా కాదు, నానిన సేమ్యాలా వేలు తగిలితే తెగుతాయి. కడుగుతుంటే బకెట్ అడుగున చేరుతున్నది మట్టి మాత్రమే అనుకున్నాను. అందులో సగం పనిచేసే సన్న వేర్లే.

ఫిబ్రవరి చివరి వారంలో మిశ్రమం కలిపాను. జల్లెడ పట్టిన ఇటుక ముక్కలు, ముతక ఇసుక, కొంచెం వర్మీ కంపోస్ట్. ట్రేలో కాకపోయినా లోతు తక్కువ కుండీలో పెట్టాం. ఎండ ఇష్టపడే మొక్క కదా అని టెర్రస్ మీద నాలుగైదు గంటలు ఎండ తగిలే చోట ఉంచమన్నాను. ఇది నేను చేసిన ఇంకో తప్పు. వేరున్న బోగన్‌విల్లాకి ఎండ ఇష్టం. వేరు లేనిదానికి ఎండంటే ఖర్చే తప్ప ఆదాయం లేదు.

మార్చి రెండో వారానికి ఆకులు వేలాడాయి. పెద్దాయనకి టెన్షన్ పట్టుకుని మూడు పూటలా నీళ్లు పోయడం మొదలుపెట్టారు. ఆయన్ని తప్పు పట్టలేను. ఆకు వాడితే దాహం అనే అందరం అనుకుంటాం. వేరు తెగినప్పుడు కూడా ఆకు అచ్చం అలాగే వాడుతుందని, అప్పుడు పోసే ప్రతి చెంబూ మిగిలిన వేర్లకి ఊపిరాడకుండా చేస్తుందని ఆయనకి చెప్పాల్సింది నేను. నీళ్లు ఎప్పుడు పోయాలో చెప్పాను కానీ ఎప్పుడు పోయకూడదో చెప్పలేదు.

ఏప్రిల్ మొదటి వారానికి ఒక్క ఆకు లేదు. కుండీ వంచి కాండం పట్టుకుని లాగితే ప్రతిఘటనే లేకుండా చేతికొచ్చేసింది. వేర్లు నల్లగా, నొక్కితే పైతొక్క గొట్టంలా ఊడి వచ్చి లోపల సన్న దారం మిగిలింది. మురుగు కాలువ పక్కన నిలబడితే వచ్చే వాసన. పెద్దాయన ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి నాకు మజ్జిగ తెచ్చారు. తిట్టినా అంత ఇబ్బంది ఉండేది కాదు.

పనిచేసింది

మళ్లీ గోరుతో గీకాను. ఎడమ పక్క కింద నుంచి పై దాకా ఇంకా పచ్చగానే ఉంది. అంటే ఇది ఇప్పుడు చెట్టు కాదు, లావుపాటి కటింగ్. అలా అనుకోగానే ఏం చేయాలో తేలికైంది. బోగన్‌విల్లా ముదురు కర్రకి వేరు పట్టించడం నర్సరీల్లో రోజూ జరిగే పని. బోన్సాయ్ అనే మాట పక్కన పెట్టి నర్సరీ పనివాళ్లు చేసేదే చేయాలి.

ముందు దసరా సంగతి తేల్చాను. "అంకుల్, దసరాకి ఇది బతికుంటే గెలిచినట్టే. ట్రే సంగతి ఈ ఏడాది మర్చిపోదాం." ఆయన కాసేపు ట్రే పెట్టె వైపు చూసి, దాన్ని అటక మీద పెట్టమని పనమ్మాయికి చెప్పారు. మొక్క తేరుకున్నది ఆ నిమిషం నుంచే అని నాకనిపిస్తుంది.

నల్లబడ్డ వేర్లన్నీ తెల్ల చెక్క కనిపించేదాకా కోసేశాను. మిగిలినవి మూడు మొద్దు వేర్లు, ఒక్కోటి వేలెడంత. కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన బూజు మందు పొడి లీటరుకి రెండు గ్రాములు కలిపి పావుగంట ముంచి, నీడలో ఒక పూట ఆరబెట్టాం. కోతలు ఆరకుండా తడి ఇసుకలో పెడితే మళ్లీ కుళ్లు మొదలవుతుందని ఆ పూట ఆగడం. తర్వాత వేరు హార్మోన్ పొడి అద్ది, చిల్లులు పెట్టిన లోతైన ప్లాస్టిక్ టబ్బులో ముతక ఇసుక, పెర్లైట్ (తేలికైన తెల్ల రాతి గుళికలు) మాత్రమే పోసి నాటాం. ఎరువు చిటికెడు కూడా లేదు. కాండం కదలకుండా టబ్బు అంచులకి నాలుగు వైపులా సుతిలి తాడుతో బిగించాం. కొత్త వేరు వెంట్రుక కంటే సన్నంగా మొదలవుతుంది, గాలికి కాండం ఒక్కసారి ఊగితే తెగుతుంది. చాలామంది వదిలేసే పని ఇదే. పైన పారదర్శకమైన పాలిథిన్ కవర్ కప్పాం, ఆకు లేని కాండం బెరడు ఎండిపోకుండా. ఎండ అస్సలు తగలకుండా మెట్ల గది కిటికీ దగ్గర పెట్టాం.

నీళ్లకి చీపురు పుల్ల. టబ్బులో సగం లోతుకి గుచ్చి ఉంచాలి, పొద్దున తీసి పెదవికి ఆనించి చూడాలి. చల్లగా తగిలితే నీళ్లు వద్దు. మొదటి నెలలో మొత్తం ఐదుసార్లే పోశారాయన. ఐదుసార్లే పోసినందుకు ఆయన పడ్డ బాధ అంతా ఇంతా కాదు. రోజూ ఫోన్ చేసి "ఇవాళా వద్దంటోందమ్మా పుల్ల" అనేవారు.

మే రెండో వారంలో బెరడు మీద నువ్వు గింజంత ఎర్రటి చుక్కలు కనిపించాయి. వారానికి చిగుళ్లు. ఆయన కవర్ తీసేస్తానన్నారు, వద్దన్నాను. కారణం ఇది: లావు కాండంలో దాచుకున్న తిండి ఉంటుంది, కింద వేరు లేకపోయినా ఆ నిల్వతో ఒక విడత చిగురు పెట్టేస్తుంది. అది చూసి మురిసి ఎండలోకి తెస్తే పది రోజుల్లో నల్లబడి రాలుతుంది, రెండో విడతకి నిల్వ ఉండదు. కాబట్టి మొదటి చిగురుని లెక్క చేయలేదు. ఆ చిగుళ్లు ఆకులై, ఆగి, మళ్లీ కొసల్లో కొత్త చిగురు మొదలైనప్పుడే కింద వేరు పట్టిందని నమ్మాం. అది జూన్ రెండో వారం. అప్పుడు కవర్‌కి రోజుకో చిల్లు చొప్పున పెడుతూ పది రోజుల్లో పూర్తిగా తీశాం. జులైలో టబ్బు అడుగు చిల్లుల్లోంచి తెల్ల వేరు కొస తొంగిచూసింది. ఆగస్టు నుంచి పల్చగా ఎరువు.

దసరాకి అమ్మాయి వచ్చింది. ఆ రోజు నేనూ ఉన్నాను. టెర్రస్ మీద ప్లాస్టిక్ టబ్బులో మూడేసి అడుగుల కొమ్మలతో ముళ్ల పొద, ఒక్క పువ్వు లేదు. "నాన్నా, బోన్సాయ్ అన్నావు, ఇదేనా?" అంది. "ఇది ఐసీయూ నుంచి వచ్చిందమ్మా, జనరల్ వార్డులో ఉంది" అన్నారాయన.

ఆ పొడుగు కొమ్మలు కోయకపోవడం కూడా నిర్ణయమే. చూడ్డానికి అసహ్యంగా ఉన్నా కొమ్మని ఎంత పొడుగు సాగనిస్తే మొదలు దగ్గర అంత లావెక్కుతుంది, అంత వేరు పెరుగుతుంది. బోన్సాయ్ అంటే కోస్తూ ఉండటం అనుకుంటారు గాని మొదటి రెండేళ్లలో ఎక్కువ భాగం కోయకుండా చేతులు కట్టుకుని ఉండటమే. నాకు తెలిసిన మంచి చెట్లన్నీ ఒకప్పుడు ఇలాంటి దిక్కుమాలిన పొదలే.

ఆకారం

మరుసటి ఫిబ్రవరిలో మొదటిసారి కత్తెర పట్టాం. ప్రతి కొమ్మనీ రెండు కణుపులు ఉంచి కోశాం. కాండానికి ఆనించి మాత్రం కాదు, అర అంగుళం మోడు వదిలి. బోగన్‌విల్లా చెక్క మెత్తన, కోత నుంచి కొంత వెనక్కి ఎండుతుంది. మోడు ఉంటే ఆ ఎండు మోడుతో ఆగుతుంది, ఆనించి కోస్తే కాండంలోకి పోతుంది. ఎండిన మోడుని ఏడాది తర్వాత తీసేయొచ్చు.

తీగ చుట్టే విషయంలో మా ఇద్దరికీ చిన్న గొడవ. ఆయన రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ కట్ట తెచ్చి పెట్టుకున్నారు. బోగన్‌విల్లా కొమ్మ పచ్చగా ఉన్నప్పుడు వంగుతుంది, చెక్క పట్టాక మొదలు దగ్గర పుటుక్కున విరుగుతుంది. పచ్చికొమ్మకి చుడితే వానాకాలంలో నెల తిరిగేసరికి తీగ బెరడులో కోసుకుపోతుంది. చైనా దక్షిణాన గ్వాంగ్‌డాంగ్ వైపు లింగ్నాన్ పద్ధతి ఒకటుంది, తీగ మీద ఆధారపడకుండా కోసి పెంచి, మళ్లీ కోసి పెంచి మలుపులు తెస్తారు. ఏ వైపు కొమ్మ కావాలో ఆ వైపు చూసే కణుపు పైన కోస్తే చెట్టే తిరుగుతుంది. ముళ్లు, పెళుసు కొమ్మలు ఉన్న మొక్కకి నాకు ఇదే నచ్చుతుంది. చివరికి రెండు కొమ్మలకి తీగ, మిగతా వాటికి కత్తెర అని రాజీ పడ్డాం. ఆ రెండిట్లో ఒకదానికి తీగ మచ్చ ఇప్పటికీ ఉంది, ఆయన చూపించరు.

మళ్లీ వేరు ముట్టుకున్నది ఆ జులైలో. ఈసారి కడగలేదు. ఇసుక కాబట్టి దులిపితే రాలింది, అడుగు నుంచి మూడో వంతు మాత్రం కోశాం. అదే రోజు పైన ఒక్క కొమ్మ కూడా కోయలేదు. పైన గాయం చేస్తే కింద గాయానికి కనీసం ఒక విడత చిగురు వచ్చేదాకా ఆగాలని ఈ కేసు తర్వాత నేను పెట్టుకున్న నియమం. కుండీ మాత్రం ట్రే కాదు, కుమ్మరి దగ్గర కొన్న వెడల్పాటి మట్టి మూకుడు, అడుగున డ్రిల్లుతో నాలుగు చిల్లులు. 150 రూపాయలు. ట్రే కంటే రెండంగుళాలు లోతు ఎక్కువ, మట్టిది కాబట్టి గోడల్లోంచి కూడా ఆరుతుంది. నేర్చుకునేవాళ్లకి ఇప్పుడు నేను ట్రే కొనొద్దని, మూకుడు కొనమని చెబుతున్నాను.

పూల కోసం వేరే ఏమీ చేయలేదు. దసరా వెళ్లాక పొద్దు తగ్గి, వాన ఆగి, మూకుడు వేర్లతో నిండాక ఆకులు కొంచెం వేలాడేదాకా ఆగి నీళ్లు పోయమన్నాను. అదే మాట మొదటి ఏడాది చెప్పి ఉంటే మొక్క చచ్చేది. నిండు వేరుకి దాహం పూలు పూయిస్తుంది, సగం వేరుకి దాహం చావే. డిసెంబర్లో కొసల్లో ఆరేడు గుత్తులు వచ్చాయి, రాణి రంగు.

ఇప్పుడు

ఈ జనవరికి మూడో ఏడు. ఎత్తు పద్నాలుగు అంగుళాలు. కుడి పక్క చచ్చిన చెక్క మూడు వేళ్ల వెడల్పున పైనుంచి కిందిదాకా ఉంది. మెత్తగా కుళ్లిన భాగం గట్టి బ్రష్‌తో రుద్ది తీసేసి, గట్టిది ఉంచాం. పాత మర్రి తొర్రలా కనిపిస్తుంది. చూసినవాళ్లు అది కావాలని చేసిందనుకుంటారు, పెద్దాయన కాదనరు.

తేలని సంగతి ఒకటుంది. ఐసీయూ రోజుల్లో వచ్చిన చిగుళ్లలో ఒకటి సరిగ్గా బతికిన బెరడు, చచ్చిన చెక్క కలిసే గీత మీద, మట్టికి రెండంగుళాల ఎత్తులో వచ్చింది. కదపకుండా వదిలేశాం. ఇప్పుడది బొటనవేలంత కొమ్మ. ఆకారం దృష్ట్యా అది ఉండాల్సిన చోటు కాదు, మోకాలికి చెయ్యి మొలిచినట్టుంటుంది. నా క్లాసులో ఎవరైనా తెస్తే తీసేయమనే చెబుతాను. కానీ ఆ గీత మూడేళ్లుగా ఎడమకి జరగకుండా ఆగింది ఆ కొమ్మ వల్లే అని నా అనుమానం. దాని ఆకులే ఆ అంచు వెంబడి రసం లాగుతున్నాయి. తీస్తే అంచు మళ్లీ కదలొచ్చు, ఉన్న కాండంలో ఇంకో మూడు వేళ్లు పోవచ్చు.

ఏటా కొంచెం కొంచెం పొట్టి చేస్తూ, పైన అదే వరసలో ఇంకో చిగురు వస్తుందేమో చూద్దామని నా ఆలోచన. అసలు ముట్టుకోవద్దని పెద్దాయన మాట. ఫిబ్రవరి మొదటి ఆదివారం వెళ్లాలి. కత్తెర సంచిలో పెట్టుకునే వెళ్తాను. సిరామిక్ ట్రే ఇంకా అటక మీదే ఉంది.